అచ్చుయంత్రమునకు దుబాసి

మేమిరువురము తోడికోడండ్రము. 28 సంవత్సరములుగా ఒకే యింట నుండి ఒకే పొయ్యి మీద వండుకొనుచున్నాము గనుక ఈ వ్యాసమును గూడ కలిసియే వ్రాయుచున్నాము. ఒకరు చెప్పుచుండగా నొకరు టైపు చేసితిమి. నడుమ నడుమ తగవులాడితిమి. ఏ వాక్యమెవరిదో సోదరీమణులు పోల్చుకొనజాలరని మా ధీమా.

గడచిన మాఘమాసమున, మాలో చిన్నదాని కుమార్తె వివాహమునకు ఇంక 11 దినములున్నవనగా, మా యింటి ప్రింటరు క్రొత్త లాప్‌టాప్‌తో మాటలాడనని భీష్మించుకొని కూర్చున్నది. ప్రింటరు చెడిపోయినదేమో యని తలంపవలదు. టోనరు నిండుగ నున్నది. కాగితము చక్కగా లాగుచున్నది. మీట నొక్కి పట్టుకొన్నచో లాప్‌టాప్‌తో నిమిత్తము లేకుండ తన పరీక్షాపత్రమును తానే అచ్చువేసి చూపుచున్నది. లాప్‌టాప్ కొని మూడు నెలలైనను నిండలేదు. రెంటిని కలుపు కేబులు నిక్షేపముగా నున్నది. మూడును మంచివే, పని మాత్రము సున్న. చెడిపోయిన వస్తువును బాగుచేయించుట మనకు తెలియును గాని, ఏదియు చెడకుండనే పని జరుగకున్నచో ఎవ్వరిని పిలువవలెను? ఆ నాలుగు దినములు మేము పడిన పాట్లు తెలిపినచో మరియొక యింట కొంత కాలహరణము తప్పునేమో యని ఈ సాహసము.

ముందుగా తొందర యెందుకో చెప్పవలెను. మా అత్తయ్యగారికి 83 ఏండ్లు. పుట్టినిల్లు కోనసీమ. తన తల్లి యొద్దను మేనత్త యొద్దను నేర్చిన పెండ్లిపాటలను ఆమె యెప్పుడో ఒక పొడుగాటి పద్దుల పుస్తకములో వ్రాసిపెట్టుకొనిరి. నలుగు పాటలు, బంతులాట పాటలు, తలుపు దగ్గర పాటలు, వియ్యపురాలిని వేళాకోళము చేయు పాటలు, మంగళహారతులు, చివరకు అప్పగింతల పాటలు. ఇంట జరిగిన ప్రతి పెండ్లిలోను ఆ పుస్తకము పెట్టెలోనుండి బయటికి వచ్చుట, ఆమె పాడుట, మేము వంత పలుకుట ఆచారము. వంత పలుకుట యనగా చివరి మాట మాత్రము అందుకొనుట. అంతకు మించి మేమెన్నడును నేర్చుకొనలేదు. ఆమె యున్నారు గదా యని యూరకుంటిమి.

ఇప్పుడు ఆమె కన్నులు పోయినవి. పూర్తిగా పోలేదు. శుక్లములు ఎప్పుడో తీయించితిమి. ఇది శుక్లము కాదు. కంటి వెనుకటి పొరలో నట్టనడిమి భాగము వయసుతో క్షీణించు జబ్బు. దీనికి అద్దములు మార్చి ప్రయోజనము లేదని వైద్యులు చెప్పిరి. ఎదుటి మనిషి ముఖము వైపు చూచినచో ముఖము కనబడదట, చెవులు కనబడునట. అక్షరము మీద చూపు నిలిపిన అక్షరమే మాయమగును. కొంచెము ప్రక్కకు చూచుచు, పెద్ద అక్షరములైనచో కూడబలుకుకొనగలరు. తెల్లని కాగితము మీద చిక్కని నలుపుతో, 28 పాయింటుల పరిమాణమున, పంక్తికి పంక్తికి బాగుగా ఎడముంచిన చదువగలరని పరీక్షించి తెలిసికొంటిమి. ఫోనులో పెద్దది చేసి చూపరాదా యని అడుగుదురేమో. చూపితిమి. వెలుగు కంటికి గ్రుచ్చుకొనుచున్నదనిరి. వ్రేలు తగిలినంతనే పుట ఎటో ఎగిరిపోయెను. చరణము మధ్యలో దీపమారిపోయెను. పెండ్లిపందిరిలో ఆ అవస్థ యెందులకు?

అందుచేత పుస్తకమంతయు టైపు చేయుటకు పూనుకొంటిమి. తీరా విప్పి చూచిన, సగము పుటల అంచులు వెండిపురుగులు తినివేసినవి. సిరా పలుచనై చరణములకు చరణములే జారిపోయినవి. ఉన్నంత టైపు చేసి చదివి వినిపింపగా ఆమె విని యూరకుందురు. ఆ మరునాడు చిక్కుడుకాయలు ఒలుచుచునో, రాత్రి రెండు గంటలకు మంచినీళ్ళకు లేచియో, తప్పిపోయిన పంక్తి చెప్పుదురు. చెప్పినది చేర్చి అచ్చువేసి చేతికిచ్చినచో, దానిని చదువుకొనుచుండగా ఆ తరువాతి పంక్తి వచ్చును. చెవితో వినిన రాని జ్ఞాపకము కంటితో చదివిన వచ్చుచుండుట మాకు వింతగా తోచినది. కనుక ప్రింటరు ఇంటిలోనే, ఏ వేళనైనను పని చేయునట్లుండవలెను. వీధి చివరి జిరాక్సు దుకాణము రాత్రి రెండు గంటలకు తెరచియుండదు గదా.

(ఆ దుకాణమునకును ఒకమారు పోతిమి. మేము టైపు చేసిన ఫైలు అచ్చట తెరచినప్పుడు ఒత్తులన్నియు ఊడి ప్రక్కన పడినవి. మేము వాడిన తెలుగు లిపి ఆ కంప్యూటరులో లేదు. పి.డి.ఎఫ్.గా మార్చి తీసికొనిపోయినచో లిపి ఫైలులోనే ఇమిడియుండును, ఆ చిక్కు రాదు. శుభలేఖలు అచ్చు వేయించువారు ఇది జ్ఞాపకముంచుకొనిన మేలు.)

ఈ ప్రింటరు 2013లో మాలో పెద్దది ట్యూషనులు చెప్పి కూడబెట్టిన సొమ్ముతో కొన్నది. నలుపు మాత్రమే వేయు చిన్న లేజరు యంత్రము. పన్నెండేండ్లకు పైగా పిల్లల పరీక్షల హాలు టిక్కెట్లు, రైలు టిక్కెట్లు, బ్యాంకు కాగితములు నిరంతరాయముగా అచ్చువేసినది. దానితో కాపురము చేసిన పాత లాప్‌టాప్ కార్తికమాసమున బ్యాటరీ ఉబ్బి ప్రాణము విడిచినది. క్రొత్తది తేలికగా నున్నదనియు, ఒకమారు చార్జి చేసిన దినమంతయు వచ్చుననియు చెప్పగా సంతోషించి కొంటిమి. లోపలి సంగతి మేమడుగలేదు, దుకాణమువారు చెప్పలేదు.

మొదటి దినమున కేబులు తగిలించితిమి. లాప్‌టాప్ ‘టింగ్’ మని పలికి, ప్రింటరు పేరు పట్టికలో చూపి, దాని క్రింద ‘డ్రైవరు లేదు’ అని వ్రాసినది. ప్రింటరుతో వచ్చిన సి.డి. బీరువాలో భద్రముగా నున్నది. క్రొత్త లాప్‌టాప్‌నకు సి.డి. పెట్టు చోటే లేదు. మా అత్తయ్యగారు వాలుకుర్చీలోనుండి, “ప్రింటరుకి డ్రైవరెందుకే? అదెక్కడికి పోతుంది?” అని అడిగిరి. నవ్వితిమి గాని జవాబు మాకును తెలియదు.

తయారీదారుల వెబ్‌సైటునుండి డ్రైవరు దింపుకొనవలెనని వెదకితిమి. ఇచ్చట నొక మాట. వెదకినప్పుడు మొట్టమొదట కనబడునవన్నియు తయారీదారులవి కావు. ఒకటి మా లాప్‌టాప్‌లో 31 దోషములున్నవని ఎఱ్ఱయక్షరములతో భయపెట్టి, నయము చేయుటకు కార్డు సంఖ్య యడిగినది. మరియొకచోట ‘సహాయ కేంద్ర’మని యున్న ఫోను సంఖ్యకు మాలో చిన్నది ఫోను చేయగా, ఎంతయో మర్యాదగా మాటలాడిన ఒక పురుషుడు, తాను దూరమునుండియే బాగుచేయుదుననియు, అందుకొక కార్యక్రమమును మా ఫోనులో దింపుకొనవలెననియు చెప్పెను. బ్యాంకు లావాదేవీలన్నియు ఆ ఫోనులోనే యున్నవి. మాలో పెద్దది చేతిలోనుండి ఫోను లాగుకొని పెట్టివేసినది. అప్పటికి కొంత కోపము వచ్చిన మాట నిజమే. ఆ కోపము మరునాటికి పోయినది. అట్టి వలలో పడి సొమ్ము పోగొట్టుకొన్నవారు ఆలస్యము చేయక 1930 సంఖ్యకు ఫోను చేసి ఫిర్యాదు చేయవలెను.

తుదకు అసలైన వెబ్‌సైటు దొరకినది. మా ప్రింటరు పేరు, ‘విండోస్, 64-బిట్’ అను మాటలు, ఫైలు, అన్నియు సరిగానే యున్నవి. దింపి నడిపితిమి. సగము దూరము పోయి ‘ఇప్పుడు కేబులు తగిలింపుడు’ అన్నది. తగిలించియే యున్నదిగదా! తీసి మరల తగిలించితిమి. కొంతసేపు గిరగిర తిరిగి, ‘స్థాపన విఫలమైనది’ అని ఒక్క ముక్క చెప్పి యూరకున్నది. ఎందుకు విఫలమైనదో ఒక్క మాట లేదు. కోడలిపై అలిగిన అత్త నయమని అనుకొంటిమి, ఆమె కారణమైనను చెప్పును. (మా అత్తయ్యగారి ఎదుటనే అంటిమి. ఆమెయు నవ్విరి.)

రెండవ దినమంతయు ఈ పోరాటమే. కేబులు ముందుగా తగిలించుటయే పొరపాటనియు, అట్లు చేసినచో విండోస్ తొందరపడి ఏదో తనకు తోచిన డ్రైవరును అంటగట్టుననియు చదివి, అంతయు తీసివేసి మొదటినుండి ప్రారంభించితిమి. విఫలమైన డ్రైవరు తునకలు లోపల మిగిలియుండి క్రొత్తదానికి అడ్డుపడునట. ప్రింటరును పట్టికనుండి తొలగించినంత మాత్రమున అవి పోవు. ప్రింట్ సర్వర్ ప్రాపర్టీస్ అను చోట డ్రైవరుల పట్టిక వేరుగా నుండును, అచ్చటనుండియు తీసివేయవలెను. తీసితిమి. అచ్చుకై పంపిన కాగితములను వరుసగా నిలువబెట్టు స్పూలరు అను ఏర్పాటొకటి యున్నది. అందులో పాత పనులు ఇరుకుకొని యున్నచో క్రొత్తవి కదలవు. దానిని ఆపి, ఖాళీచేసి, మరల నడిపించితిమి. అడ్మినిస్ట్రేటరు అధికారముతో నడిపి చూచితిమి. కేబులు మార్చితిమి, రంధ్రము మార్చితిమి. ఇవన్నియు పనికిమాలినవి కావు. పది యిండ్లలో ఎనిమిదింట వీనిలో ఏదో యొకటి పనిచేయును. మా యిల్లు తక్కిన రెండింటిలోనిది.

మరమ్మతు చేయువానికి ఫోను చేయగా అతడు ప్రింటరు పేరు వినినంతనే, “అబ్బే, పాతదమ్మా! పారేసి కొత్తది తీసుకోండి. పదిహేను వేలకి మంచిది వస్తుంది” అన్నాడు. మా యింటి పురుషులును ఆ మాటయే యనిరి. పెండ్లి ఖర్చులలో పదునైదువేలు లెక్క కాదట. మాకు మాత్రము మనసొప్పలేదు. వస్తువు మీది మమకారము కొంత యున్నమాట కాదనము. కాని అంతకంటె, ఏ దోషమును లేని దానిని దోషమేమో తెలియకుండనే వీధిలోనికి నెట్టుట యెట్లని. రేపు మఱల క్రొత్తదియు ఇట్లే మొరాయించినచో?

మూడవ దినమున ఎదురింటి అమ్మాయి తోరణములకు కాగితపుపూలు చేయుటకు వచ్చినది. పాలిటెక్నిక్ మూడవ సంవత్సరము చదువుచున్నది. మా గోడు విని లాప్‌టాప్ దగ్గరకు లాగుకొని, సెట్టింగులలో సిస్టము అను చోట అడుగున నున్న అబౌట్ అను పుట తెరచి, ‘సిస్టమ్ టైప్’ అను పంక్తి మీద వ్రేలు పెట్టి, “పిన్నిగారూ, ఇది చూశారా? ఆర్మ్ అని ఉంది. మీ డ్రైవరు దీనికి రాసింది కాదు” అన్నది. రెండు దినములు మేము ప్రింటరు పేరు సరిచూచుకొంటిమే గాని లాప్‌టాప్ కులగోత్రములు విచారింపలేదు!

ఆమె చెప్పినదియు, తరువాత మేము చదివి తెలిసికొన్నదియు కలిపి వ్రాయుచున్నాము. లాప్‌టాప్‌లో పుట యనగా అక్షరములు, వాని ఆకారములు, పరిమాణములు. ప్రింటరు ఎరిగినది చుక్కలు మాత్రమే. మా ప్రింటరు అంగుళమునకు 600 చుక్కలు వేయును. ఆ లెక్కన ఒక ఎ-4 కాగితము మీద సుమారు 3 కోట్ల 48 లక్షల చుక్కల స్థానములున్నవి. వానిలో ఏది నలుపు, ఏది తెలుపు అని నిర్ణయించి ప్రింటరునకు అర్థమగు భాషలో అందించువాడొకడు కావలెను. వాడే డ్రైవరు. తోలువాడని పేరేగాని చేయునది దుబాసి పని. కుంపిణీ కాలమున దొరకును రైతునకును నడుమ దుబాసి నిలుచునట్లు, లాప్‌టాప్‌నకును ప్రింటరునకును నడుమ నితడు నిలుచును. దుబాసి రాని దినమున దొరయు రైతును ముఖముఖములు చూచుకొనుచు కూర్చుండవలసినదే.

ఇంకొక విశేషమున్నది. మొదటి రోజుల లేజరు ప్రింటరులు ఇంత పరాధీనములు కావు. 1985లో ఆపిల్ కంపెనీవారు అమ్మిన లేజర్‌రైటరు వెల 6,995 డాలరులు. దానిలో అడోబీవారి పోస్ట్‌స్క్రిప్ట్ అను భాష తెలిసిన సొంత మెదడుండెను; ఆ మెదడు, దానిని ఏలు నాటి మాకింటాష్ కంప్యూటరు మెదడు కంటె వేగమైనది. పుట యెట్లుండవలెనో చెప్పినచో చుక్కల లెక్క అది తానే చూచుకొనెడిది. తరువాతి కాలమున వెల తగ్గించుటకై, ఇంటింట కంప్యూటరు ఉన్నది గదా, ఆ లెక్క అదే చేయనిమ్మని చౌక ప్రింటరులనుండి మెదడు తీసివేసిరి. మా ప్రింటరు ఆ తెగకు చెందినది. మాకు అగ్గువకు వచ్చినదన్న సంతోషమునకు మూల్యము ఇదన్నమాట: దాని దుబాసి దానిని తయారుచేసిన కంపెనీ వద్దనే యుండును, దాని భాష మరియొకరికి తెలియదు.

ఇక ఆర్మ్ సంగతి. మా పాత లాప్‌టాప్ మెదడు ఇంటెల్ వంశముది. క్రొత్తదాని మెదడు ఆర్మ్ వంశముది. మన ఫోనులలో నుండునది ఈ వంశమే, అందుకే చార్జి అంతసేపు నిలుచును. ఈ వంశమునకు మూలమైన ఆజ్ఞల భాషను ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఏకార్న్ కంపెనీలో కల్పించినది సోఫీ విల్సన్ అను విదుషీమణి. ఆమెయు స్టీవ్ ఫర్బరును కలిసి రూపొందించిన మొదటి ఆర్మ్ మెదడు 1985లోనే వెలువడినది. నేడు భూమి మీద ఫోను లేని యిల్లరుదు, ఆ ఫోనులో ఆమె భాష లేకుండుటయు నరుదు. ఈ మాట చదివినప్పుడు లాప్‌టాప్ మీది మా కోపము సగము తగ్గినదని ఒప్పుకొనవలెను.

ఇంటెల్ వంశమునకై వ్రాసిన సాధారణ కార్యక్రమములను ఆర్మ్ లాప్‌టాప్‌లోని విండోస్ 11 లోలోపల అనువదించుకొని నడుపుకొనును. అందువలననే మాకు మూడు నెలలు ఏ తేడాయు కనబడలేదు. స్థాపించు కార్యక్రమము గూడ సగము దూరము నడిచినది. డ్రైవరు మాత్రము ఆ అనువాదమునకు లొంగదు. విండోస్ గర్భములో కూర్చుండి పనిచేయవలసినది గనుక ఆర్మ్‌కై ప్రత్యేకముగా వ్రాసినదే కావలెను. మా ప్రింటరు కంపెనీవారు అట్టిది వ్రాయలేదు, వ్రాయుదురను ఆశయు లేదు. ఏ కేబులు మార్చిన ఏమి లాభము?

“విండోస్‌లోనే అందరికీ పనికొచ్చే మామూలు డ్రైవర్లు ఉంటాయి, ఒకసారి చూద్దాం” అని ఆ అమ్మాయి అట్టిదొకటి తగిలించినది. ప్రింటరు కదలినది! మా ఆనందమునకు మేర లేదు. ఒక కాగితము వచ్చినది. దాని నెత్తిన ఒకే యొక పంక్తి, ఏ దేశపు లిపియో తెలియనిది. రెండవ కాగితము, మరియొక పంక్తి. మూడవది. ఆపుమన్న ఆగదు. కాగితముల అర లాగివైచునప్పటికి 17 కాగితములు పాడైనవి. అత్తయ్యగారు ఆ శబ్దము విని, “పనిచేస్తోందిగా!” అని సంతోషించిరి. ఆమెకు చెప్పుటకు మాకు నోరు రాలేదు. మెదడు లేని ప్రింటరునకు మెదడున్నవాని భాషలో చెప్పినచో అట్లే యగునట.

ఆ రాత్రి మేమిరువురము వంటింట కూర్చుండి, ఇక పదునైదువేలు వెచ్చింపవలసినదే యని నిశ్చయించుకొంటిమి. కొనునప్పుడు ఏమి చూచుకొనవలెనో అడిగి వ్రాసికొంటిమి గూడ. 2023 సెప్టెంబరులో మైక్రోసాఫ్టువారు, ప్రింటరు కంపెనీల వేర్వేరు డ్రైవరులను విండోస్ అప్‌డేటు ద్వారా పంచుటను క్రమక్రమముగా విరమింతుమని ప్రకటించిరి. వాని స్థానమున ఐ.పి.పి. యను ఉమ్మడి భాష వచ్చుచున్నది. కనుక కొనువారు పెట్టె మీద ‘మోప్రియా’ లేక ‘ఎయిర్‌ప్రింట్’ అను గుర్తు ఉన్నదేమో చూచుకొనవలెను. అది యున్నచో ప్రత్యేకమైన దుబాసి అక్కరలేదు, ఫోనుతోనైనను మాటలాడును.

నాలుగవనాటి ఉదయము ఆ అమ్మాయియే పరుగున వచ్చి, “పిన్నిగారూ, మీ అటక మీద పాత కంప్యూటర్ ఉంది కదా?” అని యడిగినది. ఉన్నది. 2012లో కొన్న బల్లమీది కంప్యూటరు. దాని మీద ఆవకాయ జాడీల గుడ్డలు పరచియున్నవి. దానిని దింపించి, దుమ్ము తుడిచి, తాను తెచ్చిన పెన్ డ్రైవునుండి లినక్సు అను దానిని అందులో స్థాపించినది. మధ్యాహ్న భోజనములు కాకమునుపే ఆ పని ముగిసినది; దానికై పైస ఖర్చు లేదు.

లినక్సులో మా ప్రింటరునకు డ్రైవరున్నది! కంపెనీవారు వ్రాసినది కాదు. ఎవరో స్వచ్ఛందముగా, ఆ మూగ ప్రింటరు కేబులులో ప్రవహించు సంకేతములను పరిశీలించి, దాని రహస్యభాషను నేర్చుకొని, దుబాసిని తయారుచేసి లోకమునకు ఉచితముగా నిచ్చిరి. ఇట్లు నిచ్చు వాడుకకు మూలమొక ప్రింటరేయనుట మరియొక చిత్రము. సుమారు 1980 ప్రాంతమున అమెరికాలోని ఎం.ఐ.టి. యను విద్యాలయమున రిచర్డ్ స్టాల్‌మన్ అను నతడు, తరచు కాగితములు ఇరుకుకొను ఒక లేజరు ప్రింటరును లొంగదీయుటకు దాని కార్యక్రమపు మూలరచన నడుగగా, అది యున్న ఒక ఆచార్యుడు ఎవ్వరికి నీయనని మాట యిచ్చితినని నిరాకరించెనట. ఆ కష్టము మనసున నాటుకొని, 1983లో అతడు అందరును చదివి దిద్దుకొనదగు కార్యక్రమముల ఉద్యమమును ప్రకటించెను. ఇరుకుకొన్న కాగితమొకటి ఇంత పని చేసినది.

పాత కంప్యూటరునకు ప్రింటరు కేబులు తగిలించితిమి. అందులోని కప్స్ అను ఏర్పాటు ఆ ప్రింటరును ఇంటి వైఫై మీద అందరికిని పంచినది. లాప్‌టాప్ ఐ.పి.పి. భాషలో పాత కంప్యూటరుతో చెప్పును. పాత కంప్యూటరు ప్రింటరు సొంత భాషలో ప్రింటరుతో చెప్పును. దుబాసికొక దుబాసి. ఆర్మ్ అయిన నేమి, ఇంటెల్ అయిన నేమి! అంతటితో మా ఫోనులనుండియు అచ్చువేయుటకు వీలు కలిగినది, అది మేము కోరని వరము. రెండు యంత్రములు నిత్యము వెలుగవలెనను చిక్కు లేకపోలేదు. కరెంటు ఖర్చునకు జంకి, పని యున్నప్పుడే పాతదానిని వెలిగించుచున్నాము.

మొదటి పుట, అప్పగింతల పాట, రాత్రి పదకొండు గంటలకు బయటికి వచ్చినది. ఒత్తులన్నియు వాని వాని చోట్లనే యున్నవి. అత్తయ్యగారు మేలుకొనియే యున్నారు. కాగితమును ఏటవాలుగా పట్టుకొని, కన్ను కొంచెము ప్రక్కకు త్రిప్పి, మెల్లగా చదువ మొదలిడిరి. రెండు పంక్తులు సాగినవి. మూడవదానిలో ఆగిరి. కనబడలేదేమో యని దీపము దగ్గరకు జరిపితిమి.

“కనపడక కాదే. ‘చెలిమి’ అని కొట్టారు. చెలిమి ఎక్కడిదే? చలిమిడి. పిల్లకి ఒళ్ళో పెట్టే చలిమిడి.”

పద్దుల పుస్తకములో చివరి అక్షరమును పురుగు తినివేయగా ‘చలిమి’ యని మిగిలినది. వ్రాతలో తప్పనుకొని మేము దానిని దిద్ది ‘చెలిమి’ చేసితిమి. చదివి వినిపించినప్పుడు ఆమెకును పట్టుపడలేదు. మాలో చిన్నది ఆ మాట వినినంతనే లేచి లోనికి పోయినది. వారము దినములలో ఆమె తన బిడ్డ ఒడిలో పెట్టవలసినది ఆ చలిమిడియే గదా.

ఆ యేడు రాత్రులు ఇల్లు అచ్చాఫీసయినది. ఆమె చెప్పుట, మేము చేర్చుట, అచ్చువేయుట, ఆమె చదువుట. పెండ్లికూతురు గూడ గోరింటాకు చేతులతో వచ్చి ప్రింటరు ప్రక్కన చతికిలబడి, వచ్చిన కాగితము వచ్చినట్లు మామ్మ చేతికిచ్చుచుండెను. అన్నియు కలిపి 46 పాటలు తేలినవి. తక్కినవి వెండిపురుగుల పాలు. చివరి రాత్రి కాగితములను ఒత్తిగా కుట్టి ఆమె ఒడిలో పెట్టగా, తడిమి చూచి, “మాటలయితే అచ్చేశారు. వరుసలెక్కడ వేశారే?” అనిరి. మేము తెల్లబోతిమి. మాకు వచ్చినది చివరి మాటయే.

అప్పగింతలనాడు ఆమె కాగితము చూచి రెండు చరణములు చక్కగా పాడిరి. మూడవదానిలో, చలిమిడి వద్ద, గొంతు పూడుకొనిపోయినది. పందిరిలో స్త్రీలందరును మా వైపు చూచిరి. మాటలు మా యెదుట 28 పాయింటుల అక్షరములతో నున్నవి, వరుస రాదు. అప్పుడు పీటల మీదనుండి, తల వంచుకొనియే, పెండ్లికూతురు అందుకొని పాడినది. ఏడు రాత్రులు ప్రింటరు ప్రక్కన కూర్చున్న పిల్ల. తన అప్పగింతల పాట తానే పాడుకొన్న పెండ్లికూతురును మేము మునుపెన్నడును చూడలేదు. ఇది శుభమో కాదో పురోహితులవారిని అడుగుటకు ఎవరికిని తోచలేదు.

ఇప్పుడు ఆదివారముల పూట ఆ పిల్ల అత్తవారింటినుండి ఫోను చేసి మామ్మచేత పాడించుకొనుచున్నది; ఇచ్చట మేము ప్రక్కన కూర్చుండి వినుచున్నాము. మొన్న అమావాస్యనాటి రాత్రి అత్తయ్యగారు లేచి, తలుపు దగ్గర పాటలో మరియొక చరణము చెప్పిరి. చీకటిలోనే టైపు చేసితిమి. పాత కంప్యూటరు వెలిగించితిమి, ప్రింటరు వెలిగించితిమి, అచ్చునకు పంపితిమి. మీట మీది చిన్న దీపము ఎఱ్ఱగా మినుకుమన్నది. లోపమేమాయని మరల గుండె దడదడలాడినది. కాగితము లేదు.